రాడార్ పీకేస్తే పాత మిగ్ అయిపోదు

ఫ్లైట్ సిమ్ (కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట) ఆడేవాళ్ల మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. డీసీఎస్ వరల్డ్ అనే సిమ్‌లో 2014 నుంచి సోవియట్ యుద్ధవిమానం మిగ్-21లో తర్వాతి రకమైన బిస్ ఉంది కదా, అదే కుటుంబంలోని తొలి రకం ఎఫ్-13ని చేర్చడం వారం రోజుల పని అట. రాడార్ తీసెయ్, ఇంజన్ బలం తగ్గించు, రంగు మార్చు, అంతే. వార్ థండర్ అనే ఇంకో ఆటలో ఎప్పటి నుంచో ఉంది, డీసీఎస్ చేసేవాళ్లకే బద్ధకం అంటారు. ఇంత చెప్పి చివర్లో, అయినా పాత డబ్బా ఎవరు నడుపుతారులే అంటారు. ఎవరికీ అక్కర్లేని దాని కోసం ఇంత కోపం ఎందుకో నాకు అర్థం కాదు.

ముందు రాడార్ సంగతి. బిస్‌లో ఉన్నది శత్రువును వెతికే రాడార్. ఎఫ్-13 ముక్కులో ఉన్నది దూరం కొలిచి గన్‌సైట్‌కు (తుపాకీ గురి చూసే అద్దానికి) అందించే చిన్న పరికరం, అది దేన్నీ వెతకదు. అలాంటప్పుడు పైలట్‌కు శత్రువు ఎలా దొరుకుతాడు? కింద నేల మీద కూర్చున్న కంట్రోలర్ రేడియోలో దిశ, ఎత్తు చెబుతూ, ఎప్పుడు తిరగాలో చెబుతూ వెనక వైపు నుంచి తీసుకెళ్తాడు. సోవియట్ పద్ధతి అదే. కాబట్టి రాడార్ తీసేసిన చోట ఆ కంట్రోలర్‌ను పెట్టాలి. ప్రతి క్షణం లెక్క వేసి దారి చూపే ఏఐని రాయడం, రాడార్ స్క్రీన్ గీయడం కన్నా తేలికేం కాదు. అన్నట్టు, మిగ్-21 ఏవియానిక్స్ చేయడానికే 1965లో హైదరాబాద్ బాలానగర్‌లో ప్రభుత్వ విమాన సంస్థ హెచ్ఏఎల్ ఒక విభాగం పెట్టింది. విమానం బాడీ నాసిక్‌లో, ఇంజన్ కోరాపుట్‌లో, లోపలి ఎలక్ట్రానిక్స్ ఇక్కడ. అసలు విమానంలోనే విడి ఫ్యాక్టరీ అడిగిన భాగం అది. సిమ్‌లో మాత్రం ఒక్క లైను చెరిపేస్తే పోతుందా?

రెండోది, ఇంజన్ బలం. ఎఫ్-13లో ఆర్-11 ఇంజన్, ఆఫ్టర్‌బర్నర్‌తో (వెనక అదనంగా ఇంధనం మండించే ఏర్పాటుతో) 5,740 కిలోల థ్రస్ట్, అంటే ముందుకు నెట్టే బలం. బిస్‌లో ఆర్-25, 7,100 కిలోలు. ఆ అంకె తగ్గిస్తే చాలనుకునేవాళ్లు బరువు సంగతి మర్చిపోతున్నారు. ఎఫ్-13 మామూలు టేకాఫ్ బరువు సుమారు 7,400 కిలోలు, బిస్‌ది 8,700 పైనే. రెక్క మాత్రం రెండింటికీ 23 చదరపు మీటర్లే. అంటే చదరపు మీటరుకు ఒకదానిపై 320 కిలోలు, ఇంకోదానిపై 380 దాకా పడుతున్నాయి. మలుపుల్లో హాయిగా తిరిగేది పాతదే! బిస్‌కు నాలుగు కిలోమీటర్ల లోపు ఎత్తులో 9,900 కిలోల దాకా ఇచ్చే అత్యవసర ఆఫ్టర్‌బర్నర్ ఉంది, నిజమే. కానీ అది మూడు నిమిషాల ముచ్చట. పాతది అన్నిట్లో వెనకే అన్న మాట ఇక్కడే వీగిపోతుంది.

దిగేటప్పుడు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. బిస్ ఫ్లాప్‌ల (దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి వంగే పలకల) మీదుగా ఇంజన్ నుంచి తీసిన గాలిని ఊదుతారు. అందుకే రన్‌వే దగ్గర త్రాటిల్ తొందరపడి తగ్గిస్తే విమానం దబ్బున కూలబడుతుంది. నేను నేర్చుకునేటప్పుడు ఎన్ని చక్రాలు విరగ్గొట్టానో లెక్క లేదు. ఎఫ్-13లో ఆ ఊదుడే లేదు, ఫ్లాప్‌ల రకమే వేరు. గాలి లెక్కంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి.

రంగు మార్చు అన్నవాళ్లు ఒకసారి రెండింటి ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. ఎఫ్-13 వీపు సన్నం, ముక్కు చిన్నది. పైకప్పు ముందు అద్దంతో సహా ముందుకి లేస్తుంది, ఎజెక్ట్ అయితే ఆ అద్దమే పైలట్‌తో పాటు బయటకు వచ్చి గాలి దెబ్బకు అడ్డు నిలుస్తుంది. బిస్‌లో ముందు అద్దం కదలదు, పైకప్పు పక్కకి తెరుచుకుంటుంది. కాక్‌పిట్‌లో సీటు వేరు, గన్‌సైట్ వేరు, ప్యానెల్ వేరు. తుపాకీ కూడా 23 ఎంఎం జంట గొట్టాలది కాదు, 30 ఎంఎం ఫిరంగి ఒక్కటి.

వార్ థండర్‌లో ఎఫ్-13 ఉన్న మాట నిజమే. అక్కడ ఇంజన్ ఒక్క బటన్‌తో స్టార్ట్ అవుతుంది. డీసీఎస్‌లో ప్రతి స్విచ్‌నూ మౌస్‌తో నొక్కాలి, దాని వెనక కరెంటు, ఇంధనం, హైడ్రాలిక్స్ నడవాలి. రెండింటి పనినీ ఒకే తక్కెడలో తూచలేం. పోలిక కావాలంటే డీసీఎస్‌లోనే అమెరికన్ యుద్ధవిమానం ఎఫ్-14ను చూడండి. అక్కడ 2019 మార్చిలో ముందు వచ్చింది తర్వాతి రకమైన ‘బి’. పాత ‘ఎ’ రావడానికి ఏడాదిన్నర పైనే పట్టింది. అదే కంపెనీ, దాదాపు అదే బాడీ. ముఖ్యమైన తేడా ఇంజన్లే.

సమాచారం దొరకదనడం సాకే అంటారు, ఆ మాట సగం ఒప్పుకుంటాను. 1966లో ఇరాకీ పైలట్ మునీర్ రెద్ఫా ఒక ఎఫ్-13ను ఇజ్రాయెల్‌లో దింపాడు. 1968లో అమెరికన్లు దాన్నే తీసుకెళ్లి పరీక్షించి నివేదిక రాశారు, అదిప్పుడు రహస్యమేమీ కాదు. వేగం, మలుపు, కుదుపుల సంగతి అందులో దొరుకుతుంది. ఏ స్విచ్ వేస్తే ఏ లైటు వెలుగుతుందో తెలియాలంటే మాత్రం మాన్యువల్స్, మ్యూజియం విమానాలే దిక్కు.

ఇక ఎవరు నడుపుతారన్న ప్రశ్న. మన వైమానిక దళానికి 1963లో వచ్చిన తొలి మిగ్-21లు ఎఫ్-13లే. ఉత్తర వియత్నాం పైలట్లూ 1966లో ఎఫ్-13లలో ఎగిరి అమెరికన్ ఫాంటమ్ విమానాలతో తలపడ్డారు. బిస్ సర్వీసులోకి వచ్చింది 1972లో. ఇప్పుడు సిమ్‌లో ఆ 1966 హనోయ్ మిషన్లలో మిగ్-21 నడిపేవాళ్లంతా, వేరే దారి లేక, ఆరేళ్ల తర్వాత పుట్టిన విమానంలో ఎగురుతున్నారు.