ఆసియా గిటారు ‘బొమ్మ’ అన్న మాటకు జవాబు

కొన్ని వారాలుగా భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపు చర్చి గాయక బృందాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. ఆసియాలో తయారైన ఎలక్ట్రిక్ గిటార్లన్నీ బొమ్మలేననీ, వాటి కలప నాసిరకమనీ, చేతిపని లేకుండా యంత్రాలు చెక్కి పడేసినవనీ, వాటిలో శ్రుతి నిలవదనీ, పేరున్న వాద్యకారులెవరూ వాటిని ముట్టరనీ, తిరిగి అమ్మితే ధర రాదనీ, కాబట్టి పిల్లలకు కొనిపెట్టదలచినవారు ఆగి, డబ్బు కూడబెట్టి, అమెరికా గిటారే కొనాలనీ దాని సారాంశం. ఈ చుట్టుపక్కల చాలాకాలంగా గిటార్లు మరమ్మతు చేస్తున్నవాడిగా చెబుతున్నాను: ఇందులో ఒకటిన్నర మాటలు నిజం, మిగిలినదంతా వినికిడి.

కలప సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే సందేశం రాసినవారు ఎక్కువగా పొరబడింది అక్కడే. అమెరికాలో తయారయ్యే ఎన్నో గిటార్ల ఫ్రెట్‌బోర్డుకు, అంటే వేళ్ళతో తీగలు నొక్కే పలకకు, వాడే రోజ్‌వుడ్ మన దేశపు కలప. మన పెద్దలు ఇరుగుడు అని పిలిచిన చెట్టే అది. 2011 ఆగస్టులో అమెరికా ప్రభుత్వాధికారులు టెనెసీ రాష్ట్రంలోని గిబ్సన్ గిటార్ల సంస్థ కర్మాగారాలను సోదా చేసినప్పుడు స్వాధీనం చేసుకున్న సరుకులో ఉన్నది భారతదేశం నుంచి వెళ్ళిన రోజ్‌వుడ్, ఎబొనీ చెక్కలే. ఓడెక్కి అమెరికా వెళితే శ్రేష్ఠమైన చెక్క, ఇండోనేషియా వెళ్ళేసరికి నాసిరకం ఎలా అవుతుందో ఆ సందేశంలో వివరణ లేదు. పైగా వీణకు పనస కలప ఎంత ముఖ్యమో గట్టి దుంగతో చేసిన ఎలక్ట్రిక్ గిటారుకు కలప అంత ముఖ్యం కాదు. వీణలో నాదాన్ని పెంచేది బోలుగా తొలిచిన కుండ, ఇక్కడ ఉక్కు తీగ కంపనాన్ని పట్టి యాంప్లిఫయర్‌కు పంపేది పికప్‌లోని అయస్కాంతం, దానిచుట్టూ చుట్టిన రాగి తీగ. కలప విషయంలో నిజంగా చూడవలసింది అది బాగా ఆరిందా లేదా అన్నదే. మరీ చవక గిటార్లలో సరిగా ఆరని చెక్క వాడితే నెక్ (గిటారు మెడ) మెలి తిరుగుతుంది, ఆ మెలి దాని లోపలి ఇనుప కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, ఎంత తిప్పినా పోదు. సందేశంలోని అర మాట నిజం ఇదే. అయితే ఆ దోషం చవకదనానిది, ఖండానిది కాదు.

చేతిపని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎలక్ట్రిక్ గిటారుకు ఈ రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడైన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసేవాడు, ఆయనకు గిటారు వాయించడం రాదు. నెక్‌ను జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బిగించే పద్ధతిని ఆయన తీసుకువచ్చింది కర్మాగారంలో పని వేగంగా సాగడానికీ, పాడైతే సులువుగా మార్చుకోవడానికీ. ఈనాడు కాలిఫోర్నియాలోనైనా ఇండోనేషియాలోని సురబయాలోనైనా దుంగను చెక్కేది కంప్యూటర్ నడిపే యంత్రమే. మనిషి చేయి అవసరమయ్యేది ఆ తరువాత, ఫ్రెట్లు (నెక్ మీది లోహపు మెట్లు) సానపట్టడంలోనూ, నట్ (నెక్ పైకొనలో తీగలు ఆనే చిన్న పట్టీ) గాడులు కోయడంలోనూ. ధరలోని తేడా ఎక్కువగా ఆ చేతికి ఇచ్చే కూలిలోదీ, ఆ పనికి కేటాయించిన గంటలలోదీ. మన నరసాపురం లేసు అల్లే స్త్రీలకు ముట్టే కూలి తక్కువ కాబట్టి ఆ లేసు నాసిరకమని ఎవరైనా అంటే మనం ఊరుకుంటామా?

అసలు ‘ఆసియా’ అని అన్నిటినీ ఒకే గాటన కట్టడమే తప్పు. 1970లలో జపాన్‌లో చేసిన అమెరికా గిటార్ల నకళ్ళు ఎంత చక్కగా కుదిరాయంటే, 1977లో గిబ్సన్ యజమాని అయిన నార్లిన్ సంస్థ జపాన్ వారి ఐబనీజ్ గిటార్ల తలకట్టు (తీగలు బిగించే పైకొన) ఆకారం తమదేనని అమెరికా కోర్టుకెక్కింది. బొమ్మల మీద ఎవరూ దావా వేయరు. 1982లో ఫెండర్ సంస్థే జపాన్ భాగస్వాములతో కలిసి మత్సుమోతోలోని ఫుజిజెన్ కర్మాగారంలో తన గిటార్లు చేయించడం మొదలుపెట్టింది. 1985లో ఫెండర్‌ను దాని సిబ్బంది అప్పటి యజమాని సీబీఎస్ నుంచి కొనుక్కున్నప్పుడు పాత కర్మాగారం ఆ బేరంలో రాలేదు కనుక, కాలిఫోర్నియాలోని కొరోనా పట్టణంలో కొత్తది నిలదొక్కుకునేదాకా ఆ పేరును నిలబెట్టినవి ముఖ్యంగా జపాన్ గిటార్లే. అమెరికాకే చెందిన పీఆర్ఎస్ సంస్థ తక్కువ ధరకు అమ్మే తన ఎస్ఈ వరుస గిటార్లను 2001లో కొరియాలో ప్రారంభించి, 2019 నుంచి ఇండోనేషియాలోని కోర్టెక్ కర్మాగారంలో చేయిస్తోంది.

శ్రుతి నిలవదన్న ఫిర్యాదు మాత్రం నేను వారానికి రెండుసార్లైనా వింటాను, అందుకే దీన్ని కొట్టిపారేయను. కాని గిటారు నా బల్ల మీదికి వచ్చాక తేలే కారణం చాలాసార్లు నట్‌లోని గాడి ఇరుకుగా ఉండటమే. తీగ అందులో పట్టేసి, బిగిస్తుంటే టిక్కుమని ఒక్కసారిగా జారుతుంది. ఆ గాడిని సన్నని ఆకురాయితో సరిచేసి, పెన్సిలు ముక్కుతో రెండుసార్లు రుద్దితే సగం రోగం కుదురుతుంది. మిగతా సగం మన గాలిది: సముద్రం దగ్గర ఉప్పుగాలికి తీగలు నెలలోపే తుప్పుపడతాయి, వానాకాలపు తేమకు నెక్ ఉబ్బి వంగుతుంది, ఏసీ గదిలో పెడితే చెక్క ఆరి ఫ్రెట్ల కొనలు వేళ్ళకు గీరుకుంటాయి. వీటికి అమెరికా, ఆసియా అన్న తేడా తెలియదు. ఒకసారి ఎంతో ఖరీదు పెట్టి విదేశం నుంచి తెప్పించిన అమెరికా గిటారు నా దగ్గరకు వచ్చింది. ఏ కంపెనీదో చెప్పను గాని, దాని మూడో తీగ గాడి ఎంత ఇరుకుగా ఉందంటే పెట్టె విప్పిన రోజు నుంచీ అది శ్రుతిలో లేదని యజమాని వాపోయాడు.

పేరున్నవారు ముట్టరన్న మాటకు మూడు పేర్లు చాలు. జార్జ్ బెన్సన్ పేరుతో ఐబనీజ్ 1977లో తెచ్చిన గిటారూ, కార్లోస్ సంటానా ఆ దశకంలో వాయించిన యమహా ఎస్‌జీ 2000, స్టీవ్ వాయ్ కోసం 1987లో వచ్చిన ఐబనీజ్ జెమ్, మూడూ జపాన్‌లో తయారైనవే. ఇక పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ పాశ్చాత్య ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఐదు తీగలకు మార్చుకుని కర్ణాటక సంగీతం వినిపించిన జిల్లాలో కూర్చుని, వాద్యం విలువను అది పుట్టిన ఊరినిబట్టి కట్టడం నాకు కాస్త వింతగానే తోస్తుంది.

తిరిగి అమ్మితే ధర తగ్గుతుందన్నది నిజం, నేను మొదట చెప్పిన పూర్తి మాట ఇదే. 1982 నాటి తొలి జపాన్ స్క్వైయర్ (ఫెండర్ వారి చవక వరుస) వంటివి సేకరించేవారు వెతికి మరీ కొంటారు గాని, నిన్న మొన్నటి ఇండోనేషియా గిటారుకు అంత గిరాకీ ఉండదు. అయితే కొన్నదే తక్కువ ధరకు కాబట్టి పోయేదీ తక్కువే.

పన్నెండేళ్ళ పిల్లవాడికి అమెరికా గిటారు కోసం డబ్బు కూడబెట్టే లోపల వాడు కాలేజీకి వెళ్ళిపోతాడు, వేళ్ళు నేర్వవలసిన ఏళ్ళు ఖాళీగా గడిచిపోతాయి. దుకాణంలో నెక్‌ను కంటికి ఎదురుగా పెట్టి మెలి ఉందో లేదో చూడండి, ప్రతి ఫ్రెట్ దగ్గరా తీగ నొక్కి జరజరలాడుతోందేమో వినండి, వాల్యూమ్ బటన్ తిప్పినప్పుడు గరగర వస్తోందేమో గమనించండి. చవక గిటార్లలో ముందు చెడేవి ఆ బటన్లూ జాక్ సాకెట్టూనే, అవి మార్చడం పెద్ద ఖర్చు కాదు. మిగిలిన డబ్బులో కొంత మంచి యాంప్లిఫయర్‌కూ, కొంత నట్, ఫ్రెట్లు సరిచేయించడానికీ పెట్టండి. ఈ చివరి సలహాలో నా స్వార్థం కొంత ఉన్నదని ఒప్పుకుంటున్నాను.