పదిహేడు రూపాయల డెబ్భై పైసల గారికి

గౌరవనీయులైన పదిహేడు రూపాయల డెబ్భై పైసల గారికి,

నమస్కారం. మీరు క్షేమంగానే ఉండి ఉంటారు. జూన్ 30 రాత్రి మా అమ్మ పొదుపు ఖాతాలోంచి చడీచప్పుడు లేకుండా బయలుదేరి, బ్యాంకు వారి ఆదాయంలో భద్రంగా చేరారు కదా. మీలో పదిహేను రూపాయలు మూడు నెలల ఎస్సెమ్మెస్ రుసుము అనీ, మిగిలిన రెండు రూపాయల డెబ్భై పైసలు దాని మీద 18 శాతం జీఎస్టీ అనీ నాకు నిన్ననే తెలిసింది. ఇంత చిన్న ప్రాణానికి ఇంత పెద్ద వంశం ఉంటుందని అనుకోలేదు.

మన పరిచయం నెల్లూరులో, మాగుంట లేఅవుట్‌లో, విదేశీ చదువులకు పంపే ఒక కన్సల్టెన్సీ వారి చల్లని గదిలో జరిగింది. మా ఊరు కందుకూరు పక్కన. దగ్గర్లో ఒంగోలు ఉండగా అంత దూరం ఎందుకంటే, మా పెద్దమ్మ కొడుక్కి అక్కడి నుంచే వీసా వచ్చింది, వాళ్ళ హస్తవాసి మంచిదని మా ఇంట్లో నమ్మకం. పొద్దున్నే నాన్నా నేనూ బస్సెక్కాం. ఉలవపాడు దగ్గర రోడ్డు పక్కన ఆఖరి కాపు మామిడిపళ్ళు కనబడితే, "పని అయ్యాక తిరుగు ప్రయాణంలో కొందాం" అన్నారు నాన్న. పదకొండు గంటలకు చేరాం. మూడున్నరకు పిలిచారు. ఈలోగా గోడ మీద పాస్‌పోర్టు పట్టుకుని నవ్వుతున్న పిల్లల ఫోటోలు లెక్కపెట్టాను, నూట పన్నెండు. నాన్న కూడా లెక్కపెట్టారు. ఆయనకు నూట పద్నాలుగు వచ్చాయి. ఎవరిది తప్పో తేల్చుకోవడానికి కావలసినంత సమయం ఉంది కాబట్టి ఇద్దరం మళ్ళీ లెక్కపెట్టాం.

కౌన్సెలర్ గారు అమ్మ ఖాతా స్టేట్‌మెంటు తెరిచారు. మొదటి పేజీలో ఆయన పసుపు పచ్చ పెన్ను గబగబా దిగింది. రెండో పేజీ సగంలో ఆగింది. ఒక వరుస మీద నెమ్మదిగా, పెళ్ళికూతురికి పసుపు రాసినంత శ్రద్ధగా, అటు నుంచి ఇటు గీసింది.

"ఇరవై నాలుగో రోజున నిల్వ తగ్గిందమ్మా" అన్నారు.

"ఎంత సార్?"

ఆయన నోటితో చెప్పలేదు. కాగితం నా వైపు తిప్పారు. పైన 12,90,000.00. కింద 12,89,982.30. మధ్యలో, పసుపులో స్నానమాడి, మీరు.

"మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క" అన్నారు.

అయ్యా, మీకు ఈ 28 రోజుల వ్రతం సంగతి తెలియకపోవచ్చు, మీరు నియమాలు చదివి బయలుదేరే రకంలా లేరు. బ్రిటన్‌లో ఎమ్మెస్సీ మేనేజ్‌మెంటు చదవాలంటే, ఇంకా కట్టవలసిన ఫీజుతో పాటు అక్కడ బతకడానికి సరిపడా డబ్బు మన దగ్గర ఉందని చూపించాలి. లండన్ బయట అయితే నెలకు 1,171 పౌండ్లు, తొమ్మిది నెలలకు 10,539 పౌండ్లు. అది వరుసగా 28 రోజులు ఖాతాలో తగ్గకుండా ఉండాలి. ఆ ఇరవై ఎనిమిదో రోజు వీసా దరఖాస్తు తేదీకి 31 రోజుల లోపే రావాలి. ఫీజు సంగతి విద్యా రుణం చూసుకుంటుంది, బతుకు సంగతి మేము చూపించాలి. పౌండు ధర ఎప్పుడు ఎంత ఎగురుతుందో తెలియదు కనుక కన్సల్టెన్సీ వారు కొంత పైన వేసి 12,90,000 అని ఒక అంకె రాసిచ్చారు. "ఇందులో పైసా తగ్గకూడదు" అన్నారు. మేమూ పైసా ఎక్కువ వేయలేదు. ఎందుకు వేయలేదని నిన్న ఆయన ఆశ్చర్యపోయారు. పైసా ఎక్కువ వేయాలంటే ఆ పైసాకు కూడా వడ్డీ కట్టాలి కదా సార్!

ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలియడం న్యాయం. మీరు వెళ్ళేటప్పుడు ఎవరి భుజాల మీద కాలు వేసి వెళ్ళారో తెలియాలి. 2,60,000 పొగాకుది. ఈ ఏడు కందుకూరు వేలం కేంద్రంలో మా బేళ్ళు రెండుసార్లు నో బిడ్ అయి, అంటే పాడేవాళ్ళు లేక, ఇంటికి తిరిగొచ్చాయి, మూడోసారి పోయినంతకు పోయాయి. ఆ డబ్బు నాన్న ఖాతాలో ఉంటే పంట రుణం కింద జమ అయిపోతుందని భయపడి ఆ రోజే అమ్మ ఖాతాకు మార్చాం. 3,90,000 మామయ్యది. ఐదు లక్షల చీటీని లక్షా పదివేలు తగ్గించి పాడుకున్నాడు, మా కోసం. 1,40,000 నాయనమ్మ నాంతాడు తాకట్టు మీద వచ్చింది. మిగిలిన ఐదు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి. అంటే నెలకు పదివేలు. ఆ పదివేలూ మేము ఒక్క రూపాయి వాడకుండా, కేవలం చూస్తూ కూర్చున్నందుకు!

నేను కావలిలో బీకాం చదివాను. మూడేళ్ళూ మాకు చెప్పిన పాఠం ఒక్కటే: నగదు ఖాళీగా కూర్చోకూడదు. కూర్చున్న ప్రతి రూపాయీ నష్టమే. పరీక్షలో ఆ మాట రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఇప్పుడు అదే విద్యలో పైచదువుకు నేను తగినదాన్నని నిరూపించుకోవాలంటే పన్నెండు లక్షల తొంభై వేలను నెల రోజులు కోడిపెట్టలా పొదగాలి. మా ఇంట్లో డబ్బు ఎప్పుడైనా 28 రోజులు కదలకుండా ఉందా? వేలం డబ్బు సాయంత్రానికి ఎరువుల కొట్టుకు, మర్నాటికి కూలీలకు, ఆ మర్నాటికి పొగాకు ఆరబెట్టే బ్యారన్ మరమ్మతుకు. మా నాన్న ముప్పై ఏళ్ళుగా చేస్తున్నది మేనేజ్‌మెంటు కాదట, ఖాతాలో నిద్రపోయే డబ్బే మేనేజ్‌మెంటట.

అయినా పొదిగాం. 23 రోజులు ఆ ఖాతా వైపు ఎవరూ గాలి కూడా పీల్చలేదు. అమ్మకు పంటి నొప్పి వస్తే లవంగం పెట్టుకుంది కానీ డాక్టరు దగ్గరకు పోలేదు. ఏటీఎం కార్డును దేవుడి పటం వెనక దాచింది. ఇక ఐదే ఐదు రోజులు. అప్పుడు మీరు లేచారు.

దేనికోసం లేచారో చెప్పండి. ఖాతాలో డబ్బు కదిలితే వెంటనే కబురు చెప్పే సేవ కోసం. ఆ సేవ డబ్బు కదలకుండా ఆపదు, కదిలాక చెబుతుంది. ఇక్కడ కదిలించినదీ ఆ సేవే, కదిలిందని చెప్పినదీ ఆ సేవే, చెప్పినందుకు కూలి తీసుకున్నదీ ఆ సేవే. దొంగ వెళుతూ తలుపు తట్టి "వెళ్ళొస్తానమ్మా" అని చెప్పి, తట్టినందుకు పదిహేడు రూపాయల డెబ్భై పైసలు పుచ్చుకున్నట్టు. ఆ ఎస్సెమ్మెస్ రాత్రి పదకొండు దాటాక వచ్చింది, ఇంగ్లీషులో. అమ్మ దాన్ని లాటరీ మోసం అనుకుని తుడిచేసింది. మోసం అనుకోవడం వరకు అమ్మ పొరపాటేమీ లేదు.

ఎస్సెమ్మెస్‌లకు రుసుము వాడకాన్ని బట్టి తీసుకోండని రిజర్వ్ బ్యాంకు 2013 నవంబరులోనే బ్యాంకులకు చెప్పింది. ఆ మూడు నెలల్లో అమ్మ ఫోనుకు బ్యాంకు నుంచి వచ్చినవి ఆరు. నాలుగు, డబ్బు పడినప్పుడు. ఒకటి, ఎవరికీ పాస్‌వర్డు చెప్పకండి అని. ఆరోది మీ వీడ్కోలు. ఆరింటికి పదిహేను రూపాయలంటే ఒక్కోటి రెండున్నర రూపాయలు. ఆ రోజుల్లో టెలిగ్రాము కూడా ఇంత గర్వంగా వచ్చి ఉండదు.

మిగతా రుసుములు మీ దగ్గర పాఠం నేర్చుకోవాలి. అవి కనీసం ముందుగా ముఖం చూపిస్తాయి. అక్కడ జబ్బు చేయకముందే ఆరోగ్య రుసుము ఏడాదికి 776 పౌండ్లు. ఏడాది కోర్సు అయినా, కోర్సు అయ్యాక వీసాలో ఉండే చివరి నాలుగు నెలలు కలిపి 1,164 కట్టమంటారు. సరే, కడతాం. మద్రాసు వెళ్ళి క్షయ లేదని ఎక్స్‌రే తీయించుకోమంటారు, ఆ కాగితం ఆరు నెలలే పనిచేస్తుంది. సరే, మా ఊపిరితిత్తుల మాటకు గడువుంది, ఒప్పుకున్నాం. మేము వెళ్ళి చదివి పట్టా తెచ్చుకునే లోపు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్ళకు చదువయ్యాక అక్కడ ఉండనిచ్చే రెండేళ్ళను పద్దెనిమిది నెలలు చేశారు. అదీ ముందే చెప్పారు. జర్మనీ వెళ్ళిన మా పెద్దమ్మ కొడుకు 11,904 యూరోలు బంధించిన ఖాతాలో వేసి, నెలకు 992 చొప్పున తన డబ్బునే తాను చేతిఖర్చులా పుచ్చుకుంటున్నాడు. అప్పట్లో వాణ్ణి చూస్తే నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు నాకు అసూయగా ఉంది. బంధించిన ఖాతా అంటే మీలాంటి వాళ్ళు తాళం పగలగొట్టలేరు కదా.

మా జిల్లా గొడవ వేరే. తాతయ్య పొలం దస్తావేజులో నెల్లూరు జిల్లా. 1970లో కొత్త జిల్లా వచ్చాక పుట్టిన నాన్న కాగితాల్లో ప్రకాశం. నా జనన ధ్రువపత్రంలో ప్రకాశం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు ఆధార్‌లో మార్పించుకున్నది శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు, అది సగం దరఖాస్తుల గడిలో పట్టదు. మేము ముగ్గురమూ ఒకే వేపచెట్టు కింద పడుకున్నవాళ్ళమే. విద్యా రుణానికి ఆ పొలాన్ని తనఖా పెడతామంటే, బాకీ పడితే బ్యాంకు ఆస్తిని నేరుగా స్వాధీనం చేసుకోనిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు కాబట్టి బ్యాంకు వాళ్ళు వద్దన్నారు. ఇల్లు పెడతామంటే గ్రామకంఠం, కాగితం లేదు. చివరకు మామయ్య ఒంగోలు స్థలం మీద రుణం వచ్చింది. చీటీ మామయ్యదే, స్థలమూ మామయ్యదే. నేను పట్టా తెచ్చుకుంటే దాని మీద ఆయన పేరు రాయించాలి.

కానీ వీటన్నిటినీ తట్టుకున్నాను. మీ దగ్గరే ఆగిపోయాను. రాత్రి పడుకోబోతూ లెక్క వేశాను. మీ వల్ల మరో నెల వడ్డీ పదివేలు. ఆ పదివేలను మీతో భాగిస్తే 565 రెట్లు. ఇంత తక్కువ ఒంటితో ఇంత నష్టం చేసిన ఉదాహరణ మా పాఠ్యపుస్తకంలో ఒక్కటీ లేదు. సెప్టెంబరు తరగతులకు విశ్వవిద్యాలయం ఇచ్చిన గడువు దగ్గర పడుతోంది. అది తప్పితే జనవరి. జనవరి దాకా వడ్డీ ఎంతో నేను లెక్క వేయలేదు, వేయను.

అసలు నువ్వెవరు? ఇక మర్యాద చాలు. టీ కొట్టు దగ్గర ఇద్దరం టీ తాగి లేచేటప్పుడు బల్ల మీద వదిలేసే చిల్లరవి నువ్వు. నా పేరు మీద నీకు అప్పు లేదు, నా ఊరితో నీకు పని లేదు. అడిగి ఉంటే అమ్మ పోపుల పెట్టెలోంచి ఇరవై తీసి ఇచ్చి, మిగిలిన రెండూ ఉంచుకోమనేది. అడగలేదు. అందులో నువ్వు తీసుకున్నది మా డబ్బు కూడా కాదు, అప్పు తెచ్చిన డబ్బు. నీకు కూడా మేము నూటికి రెండు రూపాయల చొప్పున వడ్డీ కడుతున్నాం. నెలకు ముప్పై అయిదు పైసలు. రాసిపెట్టాను.

నిన్న కౌన్సెలర్ గారిని అడిగాను: "సార్, ఆ 12,90,000 మీరు వేసిన అంకె. అసలు కావలసినదానికి పైన ఎంతో కొంత ఉంది కదా. పదిహేడు రూపాయలకు లండన్‌లో ఎవరు చూస్తారు?" ఆయన చాలా దయగా, "చూడకపోవచ్చమ్మా. కానీ చూస్తే? మేము సాహసం చేయము" అన్నారు. నాన్న అంతదాకా మాట్లాడలేదు. అప్పుడు మెల్లగా అన్నారు: "నియమం వాళ్ళది, భయం మీది, వడ్డీ మాది."

తిరుగు ప్రయాణంలో ఉలవపాడు వచ్చింది. బస్సు ఆగింది. నాన్న కిటికీ వైపు తిరగలేదు. నేనే దిగబోతే, "అవి పచ్చళ్ళ రకం, బాగుండవు" అన్నారు. ఉలవపాడు కాయను అలా అన్న మనిషిని నేను మొదటిసారి చూశాను.

ఒక్కమాట మాత్రం ఒప్పుకోవాలి. ఈ ఆరు నెలల్లో మా ఇంట్లో వినబడిన అంకెలన్నీ లక్షలు, పౌండ్లు. అమ్మ వాటిని విని తల ఊపేది, అంతే. నువ్వు ఒక్కడివే ఆమెకు అర్థమయ్యావు. నిన్న రాత్రి నీ సంగతి చెబితే, నెలల తర్వాత మొదటిసారి ఆమె ఈ విషయంలో గట్టిగా తిట్టింది. వినడానికి హాయిగా ఉంది.

ఇట్లు,
కందుకూరు పక్క ఊరి నుంచి, మళ్ళీ మొదటి రోజున ఉన్న
ఒక బీకాం

తాజా కలం: ఇవాళ పొద్దున అమ్మ ఖాతాలో ఇంకో వెయ్యి వేసి వచ్చాం, నీ దారిఖర్చులకు. ఇంటికి వచ్చేలోపే అమ్మ ఫోను మోగింది. వెయ్యి రూపాయలు జమ అయ్యాయని ఎస్సెమ్మెస్. చదివి వినిపించాను. అమ్మ ఫోను వైపు కాసేపు చూసి అడిగింది: "ఇది చెప్పినందుకు ఎంత?"