గడీ ఉంటే గుణం ఉన్నట్టేనా?

పోయిన వారం మా చెల్లెలి సంబంధం గురించి ఇంట్లో మాటలు నడిచాయి. అబ్బాయి ఎలాంటివాడని అడిగితే మా పెద్దనాయన ఒకటే మాట: "దొరల ఖాందాన్ రా, ఊళ్లె గడీ ఇంకా ఉంది." (గడీ అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు.) అంతే, అబ్బాయి ఊసే మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అంతకుముందు వచ్చిన సంబంధానికైతే జీతం, అప్పులు, సిగరెట్ అలవాటు దాకా అన్నీ ఆరా తీశాం!

దొర అనే మాటే తమాషా. నెత్తినెక్కి కూర్చున్నవాడూ దొరే, లేదనకుండా పెట్టినవాడూ "దొరలాంటి మనిషే". ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన తెల్లాయన గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ కాటన్ దొరే.

మా పాత నల్లగొండ జిల్లానే చూడండి. విసునూరు దేశ్‌ముఖ్ (నిజాం కాలపు పెద్ద భూస్వామి) పేరు రామచంద్రారెడ్డి. 1946 జులై 4న కడవెండిలో ఆయన మనుషులు పేల్చిన తూటాకు, దొరలకు ఎదురు తిరిగిన దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట మీదికి మనుషుల్ని తోలిందీ ఈ దొరే. ఐదేళ్లు తిరక్కుండానే అదే జిల్లా పోచంపల్లిలో ఇంకో రామచంద్రారెడ్డి, ఇంటిపేరు వెదిరె. 1951 ఏప్రిల్ 18న ఊరి దళితులు వినోబా భావే ముందు మాకు 80 ఎకరాలు కావాలంటే, ఈయన లేచి 100 ఇస్తానన్నాడు. భూదానం అక్కడే మొదలైంది. (ఒక్క ఇంటికి అంత భూమి ఎలా వచ్చిందని అడిగేవాళ్లూ ఉన్నారు. అడగాలి కూడా.) పేరొకటే, జిల్లా ఒకటే, ఇద్దరూ భూస్వాములే. మరి ఖాందాన్ చూసి ఎవరు ఎలాంటివాడో చెప్పగలరా?

రాజ్యాంగం 18వ అధికరణంతో బిరుదులు పోయాయి. 1971లో పాత సంస్థానాల రాజులకిచ్చే రాజభరణాలూ పోయాయి. పెళ్లిళ్ల పేరయ్యల దగ్గర మాత్రం ఏదీ పోలేదు.

నాకు ఒళ్లు మండేది ఇంకోటి. తాత బడి కట్టించాడంటే ఆ గొప్ప మనవడి దాకా నడిచొస్తుంది. అదే తాత ఊరంతటితో వెట్టి చేయించుకున్నాడంటే, "అవన్నీ పాత ముచ్చట్లు, ఇప్పుడెందుకు" అంటారు. తీసుకుంటే రెండూ తీసుకోవాలి కదండీ!

ఉండబట్టలేక అడిగేశాను. "పెద్దనాయనా, గడీ ముందు నుంచి పోవాలంటే మీ తాత చెప్పులు చేతిలో పట్టుకుని పోయేవాడని నువ్వే చెప్పినవు గదా?"

కళ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నాడు. కాసేపు ఏమీ అనలేదు.

"ఆదివారం వాళ్లొస్తున్నరు," అన్నాడు చివరికి. "మంచి అంగీ ఏస్కో."