కొలువు దిగితే తప్ప జాబితా మార్చనివ్వని మెనూ లైబ్రరీ గారికి

మహారాజశ్రీ ఎన్‌కర్సెస్ మెనూ లైబ్రరీ గారి దివ్యసముఖమునకు,

అక్షరాలతోనే నడిచే తెర అయిన టెర్మినల్‌లో ప్రోగ్రామ్‌ల ఎంపికల జాబితాలను (మెనూలను) చూపించే కోడ్ సంచయం తమరు; తమరి ఏలుబడిలో ఉన్న జాబితాలో ఒకే ఒక్క పేరు మార్చుకోవడానికి అనుమతి కోరుతూ ఈ విన్నపం రాసుకుంటున్నాను.

తమరి ఇంటి పెద్ద, టెర్మినల్ తెర మీది రాతలు చూసుకునే లైబ్రరీ కర్సెస్ గారి పొదుపు జగమెరిగినదే. తీగల మీద అక్షరాలు నత్తనడక నడిచే రోజుల్లో పుట్టినవారు గనుక, తెర మీద ఇప్పుడేముందో ఒక ప్రతి, ఇకపై ఏముండాలో మరొక ప్రతి దగ్గర పెట్టుకుని, రెండింటినీ పోల్చి చూసి, తేడా ఉన్నంత మేరకే టెర్మినల్‌కు పంపుతారు. 1978 నాటి వీటీ100 అనే టెర్మినల్ తెరలో 80 నిలువు వరుసలు, 24 అడ్డు వరుసలు, అంటే మొత్తం 1,920 గళ్లు. అందులో ఒక్క గడి మారితే ఆ ఒక్కదాన్నే దిద్దడం వారి పద్ధతి. అటువంటి ఇంట పుట్టిన తమరు మాత్రం, చుట్టం వచ్చినప్పుడల్లా ఇల్లు పడగొట్టి మళ్లీ కట్టించే యజమానిలా, ఒక్క పేరు చేరాలన్నా మెనూను అన్‌పోస్ట్ చేసి (తెర మీంచి దించి), ఐటమ్‌ల (జాబితాలోని పేర్ల) వరుస మొత్తం కొత్తగా అప్పగించి, తిరిగి పోస్ట్ చేయమంటారు (తెరకెక్కించమంటారు). ఈ తతంగం నడుమ పొరపాటున ఒక రిఫ్రెష్ (తెరను తాజా చేసే ఆదేశం) పడిందా, చూసేవారి కళ్ల ముందు జాబితా మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతుంది. కొలువుదీరి (మెనూ తెర మీద) ఉండగానే సెట్-మెనూ-ఐటమ్స్ అని, అంటే కొత్త ఐటమ్‌లు తీసుకోమని, విన్నవించుకుంటే "ఇంకా పోస్ట్ అయ్యే ఉంది" అని చెప్పే ఈ-పోస్టెడ్ అన్న తప్పు సంకేతం చేతిలో పెట్టి పంపేస్తారు. ఆ సంకేతాన్ని చూసుకోని ప్రోగ్రామర్‌కు పాత జాబితాయే చెక్కుచెదరకుండా దర్శనమిస్తుంది.

అన్నిటికన్నా ఘనమైనది కర్సర్ (ఇప్పుడు ఏ ఐటమ్ మీద ఉన్నామో చూపే గుర్తు) విషయంలో తమరి మతిమరుపు. ప్రాసెస్‌లను, అంటే కంప్యూటర్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్‌లను, చూపే జాబితా ఒకటి ఉందనుకుందాం; అది కొద్ది క్షణాలకోసారి తాజా అవుతుంది. వాడేవారు బాణం మీట నొక్కుకుంటూ కిందికి దిగి, మొండికేసిన ప్రాసెస్ మీద ఆగి, దాన్ని ఆపేద్దామని ఎంటర్ మీద వేలు ఆనిస్తారు. సరిగ్గా అప్పుడే తమరు కొత్త ఐటమ్‌లు అందుకుని, కర్సర్‌ను మొదటి ఐటమ్ మీద కూర్చోబెడతారు. ఎంటర్ పడుతుంది, ఏ పాపమూ ఎరుగని మొదటి ప్రాసెస్ పోతుంది. వరుస సంఖ్య గుర్తుపెట్టుకోవచ్చు కదా అంటారేమో; ఈలోగా జాబితా క్రమమే మారిపోతే ఆ సంఖ్య మరొకరిది. ప్రాసెస్ గుర్తింపు సంఖ్యను దాచుకుని, కొత్త వరుసలో దాన్ని వెతికి, అక్కడికి కర్సర్‌ను చేర్చే చాకిరీ అంతా మాదే. అందులోనూ పైవరుసను (తెర మీద మొదట కనిపించే వరుసను) ముందు కుదిర్చి, కర్సర్‌ను తరువాత పెట్టాలి. తలకిందులుగా చేస్తే, పైవరుసను జరపడంతోనే కర్సర్‌ను కూడా అక్కడికే లాక్కుపోవడం తమరి మర్యాద.

పేర్ల సంగతీ అంతే. ఐటమ్‌ను పుట్టించే న్యూ-ఐటమ్ ఆదేశానికి ఇచ్చిన పేరును తమరు నకలు తీసుకోరు, అది మెమరీలో ఎక్కడుందో ఆ చిరునామా ఒక్కటే రాసుకుంటారు. ఒకే బఫర్‌లో (మెమరీలోని ఒకే చోట) పేర్లు ఒకదాని తరువాత ఒకటి నింపుతూ ఐటమ్‌లు తయారుచేసినవారికి, జాబితా పొడవునా చివరి పేరే బారులు తీరి కనిపిస్తుంది. పాత ఐటమ్‌లను మెనూ నుంచి విడదీయకముందే ఫ్రీ-ఐటమ్ (ఐటమ్‌ను తీసేయి) అంటే, వినయం నేర్పడానికి "ఇంకా మెనూకు అతుక్కునే ఉంది" అనే ఈ-కనెక్టెడ్ సంకేతం సిద్ధంగా ఉంటుంది.

చివరగా ఒక్క సందేహం. వెతికిన మాటకు ఫలితాలేవీ దొరకనప్పుడు, ఒక్క ఐటమ్ కూడా లేని వరుసను భక్తితో సమర్పిస్తే, తమరు ఈ-బ్యాడ్-ఆర్గ్యుమెంట్ (ఇచ్చినది చెల్లదు) అని తిప్పికొట్టి, పాత ఐటమ్‌లనే అట్టేపెట్టుకుంటారు. తిరిగి పోస్ట్ చేస్తే అవే తెరకెక్కుతాయి. ఏమీ దొరకలేదని చెప్పడానికి, "ఏమీ దొరకలేదు" అనే పేరుతో ఒక ఐటమ్‌ను మేమే పుట్టించి జాబితాలో పెడుతున్నాం. వాడేవారు దాన్ని కూడా ఎంచుకుని ఎంటర్ నొక్కుతున్నారు. అప్పుడు మేమేం చేయాలో సెలవిప్పించగలరు.

ఇట్లు,
తమరి పోస్ట్‌కూ అన్‌పోస్ట్‌కూ మధ్య పడిగాపులు కాస్తున్న ప్రోగ్రామర్