బిల్లు లేని మెషిన్ కొనేవాళ్ళతోనే నా గొడవ

నేను ఇళ్ళు కట్టే చిన్న కాంట్రాక్టర్ని. స్లాబు వేసే రోజు పొద్దున్నే నా వైబ్రేటర్ ఎత్తుకుపోయారు. పోసిన కాంక్రీటుని కుదిపి, గాలి పోగొట్టి, కిందికి దింపే మెషిన్ అది. ముందు రాత్రి పెట్రోలు పోసి, ఒకసారి స్టార్ట్ చేసి చూసుకుని, రేకుల గదిలో పెట్టి తాళం వేశాను. తెల్లారి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. తాళం పగలగొట్టలేదు. వేసిన తాళం వేసినట్టే, గడియతో సహా ఊడొచ్చి మట్టిలో పడి ఉంది. గడియ స్క్రూలు నాలుగూ పక్కనున్న ఇటుక మీద వరసగా పెట్టి ఉన్నాయి. అంత తీరిగ్గా పని చేసుకుపోయాడు వాడు. వైబ్రేటర్, కాంక్రీటులో దించే దాని నీడిల్, రెండు కటింగ్ మెషిన్లు, డ్రిల్లు, కేబుల్ చుట్ట పోయాయి. గమేళాలు, పారలు, గునపాలు ముట్టుకోలేదు. దేనికి రేటు వస్తుందో, దేన్ని ఎవడూ కొనడో బాగా తెలిసినవాడి పని ఇది.

ఈ పనిలో ఉన్నవాళ్ళకి స్లాబు రోజు టెన్షన్ చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. లిఫ్టు మిక్సరు అద్దెకి వచ్చేసింది, కూలీలు దిగిపోయారు, ఇంటావిడ కొబ్బరికాయ కొట్టేసింది. మొదలెట్టాక మధ్యలో ఆపడానికి లేదు. పోసిన కాంక్రీటు బిగుసుకున్నాక దాని పక్కన కొత్తది పోస్తే రెండూ అతకవు, ఆ జాయింట్ దగ్గరే రేపు వానాకాలం నీళ్ళు కారతాయి. పోనీ వైబ్రేటర్ లేకుండా కానిచ్చేద్దామా అంటే, బీము కాలమ్ కలిసే చోట కడ్డీలు ఒత్తుగా ఉంటాయి, అక్కడ మాలు కిందికి దిగదు, గాలి ఉండిపోతుంది. సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడే దాకా కింద పట్టి ఉంచే రేకులు, పోట్లు) విప్పాక కంకర పళ్ళికిలించి కనిపిస్తుంది. పైన సిమెంటు పూసేస్తే ఓనరుకి కనపడదు నిజమే, కానీ ఆ బీము కింద పడుకునేది వాళ్ళ పిల్లలు. నేను ఆ పని చెయ్యను. కూలీలందర్నీ కూర్చోబెట్టి, ఆంధ్రాలో మెళియాపుట్టి వైపు పని చేస్తున్న ఒక అన్నయ్యకి ఫోన్ చేస్తే, పాపం తన మెషిన్ బైకు మీద కట్టి పంపించాడు. ఎండ ముదిరాక మొదలుపెట్టి, రాత్రి ఫ్లడ్ లైట్లు పెట్టుకుని ముగించాం. కూర్చున్న సేపటికి కూడా కూలి నేనే ఇచ్చాను. వాళ్ళ తప్పేముంది?

ఇంతవరకూ అయితే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు. దొంగతనాలు మాకు కొత్త కాదు. నా ఒళ్ళు మండింది సాయంత్రం వచ్చిన ఫోనుకి.

మా లైన్లోనే ఉన్న ఇంకో కాంట్రాక్టరు. నాకంటే చిన్నవాడు, పని నేర్చుకున్నది కూడా నా దగ్గరే. "అన్నా, ఒక వైబ్రేటర్ వచ్చింది, బిల్లు లేదు, మూడు వేలకి ఇచ్చేస్తానంటున్నాడు, తీసుకోమంటావా?" అని అడుగుతున్నాడు. కొత్తది కొనాలంటే దానికి నాలుగైదు రెట్లు పెట్టాలని వాడికి తెలీదా? నా సామాను పోయిన సంగతి అప్పటికే అన్ని గ్రూపుల్లోనూ తిరుగుతోంది, వాడూ చూశాడు. "ఎవడు తెచ్చాడురా, ఎక్కడున్నాడు?" అంటే, "అది నీది కాదులే అన్నా, రంగు వేరు" అన్నాడు. నాది కాకపోతే ఇంకొకడిది! ఇంకొక సైట్లో ఇంకొకడు స్లాబు ఆపుకుని తల పట్టుకుని కూర్చుని ఉంటాడు కదా! కిందటేడు వీడి సబ్‌మెర్సిబుల్ మోటారు పోయినప్పుడు మా అరుగు మీద కూర్చుని ఏడ్చింది వీడే. మా ఆవిడ అన్నం పెట్టి పంపించింది. ఇప్పుడు మూడు వేలు అనగానే ఆ ఏడుపు మర్చిపోయాడు.

అందుకే చెప్తున్నా, ఎవరికి కోపం వచ్చినా సరే. రాత్రి స్క్రూలు విప్పేవాడు సగం దొంగే. మిగతా సగం పగలు తెల్లచొక్కా వేసుకుని సైట్ల మీద తిరుగుతున్నాడు. వైబ్రేటర్ తీసుకెళ్ళి దొంగ ఇంట్లో పచ్చడి రుబ్బుకోడు. సెంట్రింగ్ రేకులు వాడేం చేసుకుంటాడు? ఇంకో మేస్త్రీ అద్దెకి తీసుకుంటేనో, స్క్రాప్ కొట్టువాడు గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేసి తూకానికి వేసుకుంటేనో కదా వాడికి డబ్బు. రాగి తీగ సంగతి చూడండి. గోడల్లో పైపులేసి, వైరు లాగి, తలుపులు పెట్టేలోపు రాత్రికి రాత్రి మొత్తం గుంజేస్తారు. ఒక ఇంటికి లాగిన వైరు పోయిందంటే ఎలక్ట్రీషియన్ కూలితో సహా మళ్ళీ మొదటికే. ఆ వైరు పైతొక్క కాల్చి రాగి అమ్ముతారు. ఆ ప్లాస్టిక్ కాలిన కంపు, నల్లటి పొగ ఏ కొట్టు వెనక నుంచి వస్తాయో మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. దొంగ సొత్తని తెలిసి కొన్నా, అలా అనుకోడానికి కారణం కళ్ళెదురుగా ఉండి కొన్నా, భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు. మూడు వేలకి వైబ్రేటర్, బిల్లు లేదు, అమ్మేవాడు చీకటి పడ్డాక వచ్చాడు. ఇంకేం కారణం కావాలి?

పోలీసుల దగ్గరికి వెళ్ళలేదా అని అడుగుతారు. వెళ్ళాను. మాది గజపతి జిల్లా అంచు. సైటు ఒడిశాలో, కూలీల్లో సగం ఆంధ్రా, సామాను అమ్ముడుపోయేది ఎటో ఎవరికీ తెలీదు. ఇవతల స్టేషన్లో "సరుకు ఆంధ్రా వైపు దాటిపోయి ఉంటుంది, అక్కడ చెప్పుకోండి" అన్నారు. అవతలికి వెళ్తే "నేరం జరిగింది ఒడిశాలో కదండీ" అన్నారు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లో అయినా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్లో రాసి ఉంది. ఫోన్లో తీసి చూపించాను. "ముందు మీవాళ్ళనే అడిగి చూడండి" అని సలహా ఇచ్చి పంపించారు.

ఈ రెండు రాష్ట్రాల సరిహద్దు 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సు అయినప్పుడు గీసిన గీత. పర్లాకిమిడి ఇటు, పాతపట్నం అటు. మా పెళ్ళిళ్ళకి, సంతలకి, గుణుపూర్ రైలుకి ఆ గీత ఏనాడూ అడ్డం రాలేదు. దొంగకి అసలే అడ్డం లేదు. ఫిర్యాదు కాగితానికి మాత్రం అడ్డం వస్తుంది. అదే కొఠియా చూడండి. కోరాపుట్, సాలూరు మధ్య 21 ఊళ్ళు, 1968లో సుప్రీంకోర్టుకెక్కిన గొడవ. 2021లో ఆంధ్రా వాళ్ళు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్ళీ కోర్టుకి పరిగెత్తింది. ఆ ఊళ్ళ కోసం రెండు ప్రభుత్వాలూ మావంటే మావని రేషన్ కార్డులు, పింఛన్లు పట్టుకుని పోటీ పడతాయి. నేల మీద ఉన్న ఆ ప్రేమలో పదో వంతు ఆ నేల మీద పని చేసుకుని బతికేవాడి మీద ఉంటే నేను రెండు స్టేషన్ల మధ్య బండి పెట్రోలు తగలేసుకునే పని ఉండేది కాదు.

"మీవాళ్ళనే అడగండి." ఈ మాట దగ్గర నాకు ఎప్పటిదో మంట మళ్ళీ రేగింది. ఏ సైట్లో ఏది పోయినా మొదటి వేలు లేబర్ వైపే. నా దగ్గర మా జిల్లాలోనే గుమ్మ బ్లాకు నుంచి వచ్చే సవర గిరిజన కుర్రాడు ఉన్నాడు. కడ్డీ కట్టే పనిలో వాడి చెయ్యి చూస్తే ముచ్చటేస్తుంది, బైండింగ్ వైరు ముక్క వృథా కానివ్వడు. ఇంటి ఓనరు పొద్దున్నే వచ్చి అందరి ముందూ వాడి సంచి విప్పించాడు. అందులో ఒక లుంగీ, దువ్వెన, మడతపెట్టిన ప్లాస్టిక్ కవర్లో ఆధార్ కార్డు. అంతే. వాడు ఒక్క మాట అనలేదు, సంచి మళ్ళీ కట్టుకుని పైకెక్కి రాత్రి దాకా స్లాబు పని చేశాడు. నేను ఓనరు మీద అరిచాను, అరిచినందుకు నాకేం బాధ లేదు. ఆయన దగ్గర నాకు రావాల్సిన డబ్బు పోయినా పర్వాలేదు. ఈ జిల్లా కుర్రాళ్ళు హైదరాబాదు, చెన్నై, కేరళ పోయి ఊళ్ళకి ఊళ్ళు కట్టి వస్తుంటే, సొంత జిల్లాలో సంచి విప్పి చూపించుకోవాలా? అదే ఓనరు ఇల్లు మొదలుపెట్టినప్పుడు వాచ్‌మన్ని పెడదామంటే "అంత ఖర్చెందుకు" అన్నాడు. సామాన్ల గదికి కొత్త ఇనుప తలుపు అడిగితే పాత పశువుల పాక తలుపు తెచ్చి బిగించింది కూడా ఆయనే. స్క్రూలు బయటి వైపుకి ఉన్నాయి. బోల్టులు వేసి, నట్లు లోపలికి తిప్పి వెల్డింగ్ పెట్టిద్దామంటే దానికీ ఖర్చే అన్నాడు.

సరే, మన చేతిలో ఉన్నవి మనం చేసుకుందాం. నా సెంట్రింగ్ రేకులు అన్నిటికీ అంచు మీద నా అక్షరాలు వెల్డింగ్ పూసతో రాయించాను. పెయింటు అయితే గీకేస్తారు, వెల్డింగ్ గ్రైండరు పెట్టినా మచ్చ ఉంటుంది. మెషిన్ కొన్న రోజే సీరియల్ నంబరు ప్లేటు, బిల్లు కలిపి ఫోటో తీసి పెట్టుకోండి, నంబరు లేకపోతే దొరికిన సామాను కూడా మనదని నిరూపించుకోలేం. తలుపులు బిగించే దాకా వైరు లాగనివ్వకండి, ఎలక్ట్రీషియన్ ఎంత తొందర పెట్టినా. సిమ్ వేసుకునే సోలార్ కెమెరాలు ఇప్పుడు చిన్న కాంట్రాక్టరుకి కూడా అందుతున్నాయి. జేసీబీ వాళ్ళకి బండి ఎక్కడుందో ఫోన్లో కనిపిస్తుంది, మన కటింగ్ మెషిన్‌కి ఆ వైభవం లేదు కాబట్టి రాత్రి ఇంటికి మోసుకెళ్ళడమే. వైబ్రేటర్ మోసుకెళ్ళలేనంత బరువైతే గొలుసుతో కాలమ్ కడ్డీలకి కట్టేయండి.

కానీ ఇవన్నీ చేసినా, బిల్లు అడగకుండా కొనేవాడు మన మధ్యలో ఉన్నంత కాలం ఆ గొలుసు కూడా కోస్తారు. కోసిన గొలుసుని కూడా ఎవడో కొంటాడు. అందుకని వచ్చే ఆదివారం మన కాంట్రాక్టర్లు, మేస్త్రీలు కూర్చునే చోట నేను ఒక్కటే అడుగుతాను. బిల్లు లేని మెషిన్ ఎవరి దగ్గరికి వచ్చినా కొనకూడదు, తెచ్చినవాడి ఫోటో, బండి నంబరు అప్పటికప్పుడు గ్రూపులో పెట్టాలి. ఫోన్ చేసిన తమ్ముడూ, నువ్వు ఇది చదువుతావని తెలుసు, నువ్వూ రా. ఒప్పుకోను అన్నవాడికి నా సెంట్రింగ్ రేకు ఒక్కటి కూడా అద్దెకివ్వను, వాడి స్లాబు ఆగిపోయినా సరే.