సెటిలయిపోయిందంట!

నర్సాపురం బస్సులో ఇందాకే ఒక పెద్దమనిషి ఫోనులో, బస్సంతా వినపడేలా: "ఆయ్, మా మేనకోడలు కువైట్‌లో సెటిలయిపోయిందండి."

ఏం సెటిలవ్వడం బాబూ? ఆవిడది 20 నంబరు వీసా, ఇంటిపని వీసా. కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని. ఆయన గుమ్మానికి కట్టేసిన పలుపుతాడది. దాని మీద మొగుణ్ణీ పిల్లల్నీ తీసుకెళ్ళడం కుదరదు. పాతికేళ్ళు వాళ్ళ పిల్లల ముడ్లు కడిగినా పౌరసత్వం ఊసుండదు, ఓపికైపోయాక టిక్కెట్టు చేతిలో పెడతారు. జీతం ఎగ్గొట్టాడని ఇల్లు దాటిందా, పారిపోయిందని కఫీలే కేసు పెడతాడు. ఇకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, రద్దు. ఆ రోజు నుంచి ఆవిడ కల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి. జ్వరమొచ్చి ఆస్పత్రికెళ్ళినా బతాకా (గుర్తింపు కార్డు) అడుగుతారేమోనని భయం. కువైట్‌వాళ్ళ 2015 నాటి 68వ నంబరు చట్టంలో రోజుకి 12 గంటలే పని, వారానికో సెలవు అని చక్కగా రాశారు. రంజాన్ నెలలో ఇఫ్తార్ గిన్నెలు తోమేసరికి తెల్లారుజాము సహరి వంట మొదలయ్యే ఇంట్లో ఆ చట్టం ఎవరు చదివారంటారు?

ఇక మన ఏజెంటు మహానుభావులు. ఈసీఆర్ పాస్‌పోర్టు (గల్ఫ్‌లాంటి దేశాలకి పనికెళ్ళాలంటే మన సర్కారు అనుమతి కావాల్సిన పాస్‌పోర్టు) ఉన్న ఆడమనిషిని 30 నిండకుండా ఇంటిపనికి పంపకూడదు. నిండినా ఓంక్యాప్ లాంటి సర్కారు సంస్థే పంపాలి. వీళ్ళేమో విజిట్ వీసా మీద దుబాయ్‌లో దింపి, అక్కణ్ణుంచి దాటిస్తారు. విదేశాలకి పనికెళ్ళేవాళ్ళని నమోదు చేసే సర్కారు వెబ్‌సైటు ఈమైగ్రేట్‌లో పేరెక్కదు. పేరెక్కకపోతే 275 రూపాయలకి రెండేళ్ళపాటు ఉండే పది లక్షల ప్రమాద బీమా కూడా లేనట్టే. ఆ 275 మిగిల్చినందుకు ఏజెంటుకి దండెయ్యాలి.

సరే, అది పరాయి దేశం. మరి మనూరో? దినార్లన్నీ అన్నగారి ఖాతాలోకి. కాలవ గట్టున స్లాబిల్లు లేస్తుంది, రిజిస్ట్రేషను అన్నగారి పేరున. గృహప్రవేశం కార్డులో ఆవిడ పేరు వెతుక్కోవాలి. దిగొచ్చాక వరండాలో మడతమంచం, "ఎప్పుడెళ్తున్నావమ్మా?" అని రోజుకో పలకరింపు, వెనకాల గుసగుసలు వేరే. తన పేరున ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్ళ బ్యాంకు ఖాతా) తెరుచుకుని ఇంటికి నెలకింత అని పంపుకోవమ్మా అని ఎవరైనా చెప్తే, "అయినవాళ్ళనే అనుమానిస్తావా?" అని ఇంటిల్లిపాదీ శోకాలు. అయినవాళ్ళంట!

దిగేముందు ఆ పెద్దమనిషి అదే మేనకోడలికి ఫోను కలిపాడు. జీతం వచ్చిందా అనలేదు, ఒంట్లో ఎలా ఉందనీ అనలేదు. రెండు నిడో పాలపొడి డబ్బాలు, నొప్పులకి రాసే యాక్స్ ఆయిలు, కోడలికి గొలుసు. గొలుసు మూడు కాసులకి తగ్గకూడదంట.