ముందు మాస్కు, ఆ తర్వాతే ఆలోచన

2025 డిసెంబరు 20న అమెరికాలోని కొలరాడోలో ఒక బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్ బీ200 విమానం తనంతట తానే రన్‌వే వెతుక్కుని దిగింది. గార్మిన్ సంస్థ తయారుచేసిన ఆటోల్యాండ్ వ్యవస్థ నిజమైన అత్యవసర పరిస్థితిలో విమానాన్ని నేలకు చేర్చడం అదే మొదటిసారి. పైలట్ స్పృహ తప్పాడేమో అన్న వార్తలు ముందు వచ్చాయి. తీరా చూస్తే అందులో ఇద్దరు పైలట్లున్నారు, ఇద్దరూ స్పృహలోనే ఉన్నారు. దారిలో కేబిన్ ప్రెషర్ ఒక్కసారిగా పోయింది. వాళ్లు వెంటనే ఆక్సిజన్ మాస్కులు తగిలించుకున్నారు. కేబిన్‌లో పరిస్థితి గమనించి యంత్రం పగ్గాలు అందుకుంది, వాళ్లు దాన్ని అడ్డుకోలేదు.

అందరూ యంత్రం గొప్పతనం గురించే మాట్లాడారు. నాకు మాత్రం ఆ ఇద్దరూ మొట్టమొదట చేసిన పని ముఖ్యమనిపించింది. ఏం చెడింది, ఎందుకు చెడింది అని వెతుకుతూ కూర్చోలేదు. చెయ్యి నేరుగా మాస్కు మీదికి వెళ్లింది. చిన్న ప్రైవేటు విమానాల్లో కేబిన్ ప్రెషర్ అంటే వాల్వులు, స్విచ్చుల వ్యవహారమని మనం అనుకుంటాం. ప్రమాద నివేదికలు చదివితే కథ వేరేగా కనిపిస్తుంది. లోపాన్ని పసిగట్టాల్సింది పైలట్ మెదడు. ఆ లోపం మొదట దెబ్బకొట్టేదీ దాన్నే.

వ్యవస్థ మాత్రం సులువైనదే. సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి 14.7 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌండ్లు. 18,000 అడుగులకు చేరేసరికి సగమవుతుంది, 25,000 దగ్గర 5.4కి పడిపోతుంది. ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే, కానీ దాన్ని ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి నెట్టే ఒత్తిడి చాలదు. అందుకే టర్బైన్ విమానాల్లో ఇంజిన్ కంప్రెసర్ నుంచి కొంత గాలిని మళ్లించి, చల్లబరిచి కేబిన్‌లోకి పంపుతారు. దీన్నే బ్లీడ్ ఎయిర్ అంటారు. పిస్టన్ విమానాల్లో ఆ పని టర్బోచార్జర్ చూసుకుంటుంది. కేబిన్ అంటే సీలు వేసిన డబ్బా అనుకుంటే పొరపాటు. పంచరైన ట్యూబుకు ఆపకుండా గాలి కొడుతూ ఉండటం లాంటిది అది. తలుపు అంచుల్లోంచి, తీగలు వెళ్లే కంతల్లోంచి గాలి పోతూనే ఉంటుంది, ఇంజిన్ నింపుతూనే ఉంటుంది. లోపల ఎంత ఒత్తిడి నిలవాలో తేల్చేది గాలిని కొలతగా బయటికి వదిలే ఔట్‌ఫ్లో వాల్వు. అది మొరాయిస్తే కేబిన్ పగలకుండా కాపాడేందుకు సేఫ్టీ వాల్వు ఉంటుంది.

ఎంత ఒత్తిడి నింపవచ్చన్నది విమానం గోడల బలాన్ని బట్టి ఉంటుంది. 1980లలో వచ్చిన పైపర్ మాలిబు లోపలికీ బయటికీ 5.5 పీఎస్ఐ తేడా తట్టుకుంటుంది. 25,000 అడుగుల దగ్గర బయట ఉన్న 5.4కు ఇది కలిపితే 10.9. అంటే లోపలున్నవారికి 8,000 అడుగుల ఎత్తులో, ఊటీ కన్నా కాస్త పైన ఉన్నట్టు. 5.5 చిన్న తేడాలా కనిపించవచ్చు గానీ, అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న కిటికీ మీద అది దాదాపు 360 కిలోల బరువు.

పాత విమానాల్లో ఇదంతా పైలట్ చేతిమీదుగా నడిచేది. వెళ్లబోయే ఎత్తుకు మరో వెయ్యి అడుగులు కలిపి డయల్ తిప్పుకోవాలి. కేబిన్ ఎత్తు, అంటే లోపలి ఒత్తిడి ఏ ఎత్తులోని గాలికి సమానమో ఆ లెక్క, నిమిషానికి 500 అడుగుల చొప్పున పెరిగేలా చూడాలి, లేకపోతే చెవులు దిబ్బడేస్తాయి. దిగేముందు ఎయిర్‌పోర్టు ఎత్తుకు మార్చుకోవాలి, నేల తాకేసరికి తేడా సున్నా కావాలి. లేహ్ లాంటి చోట లెక్క తిరగబడుతుంది. ఎయిర్‌పోర్టే సుమారు 10,700 అడుగుల మీద ఉంది కాబట్టి, విమానం దిగుతుంటే కేబిన్ ఎత్తు పెరుగుతుంది. కొత్త విమానాల్లో ఈ పనులు చాలావరకు కంప్యూటరే చేస్తుంది. అది మంచిదే. కాకపోతే రోజూ చెయ్యి పెట్టని వ్యవస్థ మీద కన్ను కూడా పెట్టకుండా పోవడం మనుషులకు మామూలే.

2014 సెప్టెంబరు 5 నాటి ప్రమాదం ఈ సమస్యనంతటినీ ఒక్కచోట చూపిస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నుంచి ఫ్లోరిడాలోని నేపుల్స్‌కు ఒక వ్యాపారి, ఆయన భార్య టీబీఎం 900 అనే సొంత చిన్న విమానంలో బయల్దేరారు. ఆయన కొత్తగా రెక్కలు కట్టుకున్నవాడు కాదు. ఆ రకం విమానాల యజమానుల, పైలట్ల సంఘానికి అధ్యక్షుడు. 28,000 అడుగుల ఎత్తులో ఉండగా ఒక హెచ్చరిక వచ్చింది. విమానంలో ఒక సూచిక సరిగా లేదని, 18,000 అడుగులకు దిగాలని నేల మీది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌ను అడిగాడు. కంట్రోలర్ ముందు 25,000కు అనుమతిచ్చాడు. ఎమర్జెన్సీయా అని అడిగితే, ఇంకా కాదు, అయితే చెబుతానన్నాడు. ఇంకా కిందికి వెళ్లాలని మళ్లీ అడిగాడు. 20,000కు దిగమన్నారు. ఆ అనుమతిని తిరిగి చెప్పేసరికే గొంతు ముద్దగా మారింది. విమానం 25,000 దాటి కిందికి దిగనే లేదు. ఆటోపైలట్ దాన్ని తిన్నగా నడిపించింది. వెంట వెళ్లిన ఎఫ్-15 యుద్ధ విమానాల పైలట్లకు కిటికీల మీద పేరుకున్న మంచు కనిపించింది. ఫ్లోరిడా దాటి, క్యూబా దాటి, ఇంధనం అయిపోయాక జమైకా ఉత్తరాన సముద్రంలో పడింది.

'ఇంకా కాదు' అన్న ఆ మాటను మొండితనంగానో నిర్లక్ష్యంగానో చదవకూడదు. ఆక్సిజన్ తగ్గినప్పుడు నొప్పి పుట్టదు, ఊపిరి ఆడనట్టు ఉండదు. కొందరికి హాయిగా కూడా ఉంటుంది. 25,000 అడుగుల దగ్గర పనికొచ్చే స్పృహ 3 నుంచి 5 నిమిషాలు, 35,000 దగ్గర అర నిమిషం నుంచి నిమిషం. ఒత్తిడి ఒక్కసారిగా పోతే ఇవి సగానికి పడిపోతాయి. ఇక్కడ మాట 'పనికొచ్చే' స్పృహ గురించి. ఆ తర్వాత కళ్లు తెరిచే ఉండవచ్చు, రేడియోలో జవాబులు కూడా ఇవ్వవచ్చు, నాబ్ తిప్పాలన్న ఊహే రాదు.

అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తప్పంతా పైలట్ నెత్తిన వేయలేదు. అవసరం లేకపోయినా మూతపడే గుణం ఆ విమానపు ప్రెషర్ వ్యవస్థ డిజైన్‌లోనే ఉందని తేల్చింది. పైలట్‌కు రక్షణ కల్పించడం కన్నా లోపం వెతకడానికే చెక్‌లిస్టు ముందు చోటిచ్చిందని కూడా చెప్పింది. నా దృష్టిలో ఈ రెండో మాటే మొదటిదాని కన్నా బరువైనది. ఆలోచించే శక్తి కరిగిపోతున్న మనిషి చేతికి ఆలోచించాల్సిన కాగితం ఇచ్చామన్నమాట.

దీనికి ఎదురుగా పెట్టి చూడాల్సిన ఘటన 2008 జులైలో జరిగింది. కలిట్టా 66 అనే లియర్‌జెట్ విమానం 32,000 అడుగుల ఎత్తున ప్రెషర్ కోల్పోయింది. ఎత్తు అదుపులో లేదు, వేగం అదుపులో లేదు, దిశా అదుపులో లేదు, అది తప్ప అంతా భేషుగ్గా ఉంది అన్నట్టు పైలట్ రేడియోలో చెప్పాడు, తాగినవాడిలా ముద్దముద్దగా. క్లీవ్‌లాండ్ సెంటర్ కంట్రోలర్లు విషయం పసిగట్టి, దిగగలరా అని పట్టువదలకుండా అడిగి, అంచెలంచెలుగా 11,000 అడుగులకు దించారు. అక్కడికి వచ్చాక అదే పైలట్ గొంతు మామూలు మనిషిదైంది. ఆ రికార్డింగ్ ఇప్పటికీ పైలట్ శిక్షణల్లో వినిపిస్తారు. ఒక విమానం కంట్రోలర్ చెవి వల్ల బతికింది, ఇంకొకటి బతకలేదు. ప్రాణాలు ఇంత అదృష్టం మీద ఆధారపడటం ఏ రకంగా భద్రత అవుతుంది?

నిబంధనలు దీనికి ఏం చేశాయో చూస్తే కొంత విసుగే కలుగుతుంది. అమెరికాలో ప్రెషర్ విమానం నడపాలంటే పైలట్‌కు ప్రత్యేకంగా హై ఆల్టిట్యూడ్ శిక్షణ ఉండాలి. అయితే 25,000 అడుగులకు పైన ఎగరడానికి ధ్రువీకరించిన విమానాలకే ఆ షరతు. మాలిబు గరిష్ఠ ఎత్తు సరిగ్గా 25,000. 'పైన' కాదు కాబట్టి మాలిబు కొన్నవారికి ఆ శిక్షణ చట్టప్రకారం తప్పనిసరి కాదు. గీత ఎక్కడో ఒకచోట గీయాలి, నిజమే. ఊపిరితిత్తులకు మాత్రం ఆ గీత తెలియదు. పైగా ఆ శిక్షణలో ఆల్టిట్యూడ్ చాంబర్, అంటే పైన ఉండే పల్చటి గాలిని నేల మీదే చవిచూపించే గది, తప్పనిసరి కాదు. చాంబర్‌లో కూర్చుని తన మెదడు ఎలా మసకబారుతుందో ఒకసారి చూసుకున్న మనిషికీ పుస్తకంలో చదువుకున్న మనిషికీ చాలా తేడా ఉంటుంది. ఒకరికి వేళ్లు జలదరిస్తాయి, ఇంకొకరికి చూపు మసకబారుతుంది, మరొకరికి ఊరికే నవ్వొస్తుంది. తన లక్షణం ఏదో ముందే తెలిసినవాడికే దాన్ని గుర్తుపట్టే అవకాశం.

మరి శిక్షణ బదులు యంత్రానికే వదిలేస్తే? ఇప్పుడు చాలా చిన్న టర్బైన్ విమానాల్లో ఎమర్జెన్సీ డిసెంట్ మోడ్ వస్తోంది. కేబిన్ ప్రెషర్ పోతే ఆటోపైలట్ తానే విమానాన్ని కిందికి దించుతుంది. 2020లో పైపర్ ఎం600తో మొదలైన ఆటోల్యాండ్ ఇంకో అడుగు ముందుకేసింది. దీనిమీద అభ్యంతరాలు లేకపోలేదు. కొండల మీద గుడ్డిగా దిగితే ఎలా, తప్పుడు హెచ్చరికకు విమానం హఠాత్తుగా కిందికి దూకితే ఎలా అని. ఇవి సరైన ప్రశ్నలే. కానీ ఒంటరి పైలట్ స్పృహ లేకుండా సముద్రం మీదికి వెళ్లడంతో పోలిస్తే చిన్నవి. పైలట్ ఒక్కడే నడిపే కొత్త ప్రెషర్ విమానాలన్నిటికీ కనీసం ఆటోమేటిక్ డిసెంట్ తప్పనిసరి చేయాలన్నది నా అభిప్రాయం. ఇది యజమాని ముచ్చటపడి కొనుక్కునే అదనపు హంగు కాకూడదు.

ఇద్దరు పైలట్లుంటే చాలదా అనే వారికి మన దేశంలోనే జవాబుంది. 2018 సెప్టెంబరు 20న ముంబయి నుంచి జైపూర్ బయల్దేరిన జెట్ ఎయిర్‌వేస్ బోయింగ్ 737లో సిబ్బంది కేబిన్‌లోకి గాలి పంపే బ్లీడ్ స్విచ్ వేయడం మరిచిపోయారు. ముక్కుల్లోంచి, చెవుల్లోంచి రక్తం కారుతుంటే ప్రయాణికులు మాస్కులు పట్టుకున్నారు, విమానం ముంబయికి తిరిగొచ్చింది. చెక్‌లిస్టు ఒకరు చదివితే ఇంకొకరు జవాబు చెప్పే పెద్ద విమానంలోనే ఇలా జరిగితే, సభకు ఆలస్యమవుతోందని వెనక నాయకుడు తొందరపెట్టే చార్టర్ విమానంలో సంగతి వేరే చెప్పాలా? ఎన్నికల సీజన్లో బేగంపేట నుంచి ఎగిరే చిన్న విమానాల్లో సీటు ఎక్కేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కొత్త విమానాల సంగతి ఇలా ఉంటే, పాతవాటి సంగతి మరీ దారుణం. 2023 జూన్ 4న ఒక సెస్నా సైటేషన్ జెట్ 34,000 అడుగుల ఎత్తులో నోరు మెదపకుండా గమ్యం దాకా వెళ్లి, అక్కడ వెనక్కి తిరిగి, వాషింగ్టన్ మీదుగా వచ్చి వర్జీనియా కొండల్లో కూలింది. దాన్ని అందుకోవడానికి ధ్వనిని మించిన వేగంతో దూసుకెళ్లిన ఎఫ్-16 యుద్ధ విమానాల పేలుడు లాంటి చప్పుడుకు, అంటే సోనిక్ బూమ్‌కు, రాజధాని ఉలిక్కిపడింది. నలుగురు చనిపోయారు. ప్రెషర్ ఎందుకు పోయిందో తేలలేదు. ప్రమాదానికి కొన్ని వారాల ముందే మెకానిక్‌లు రెండు విషయాలు గమనించారు. పైలట్ వైపు ఆక్సిజన్ మాస్కు అమర్చి లేదు, ఆక్సిజన్ కనీస మట్టంలో ఉంది. వాటిని సరిచేసినట్టు ఆధారం దొరకలేదు.

అలాంటి విమానానికి లక్షల డాలర్ల ఆటోమేషన్ పెట్టమని ఎవరూ ఒత్తిడి చేయలేరు. మాస్కు పెట్టించమని, ఆక్సిజన్ నింపించమని మాత్రం అడగవచ్చు. చార్టర్ మాట్లాడుకునేటప్పుడు లెదర్ సీట్ల గురించి, భోజనం గురించి అడిగే మనం, బయల్దేరే ముందు పైలట్‌ను మాస్కు ఎక్కడుందో చూపించమని కూడా అడగాలి. ఆయన చెయ్యి తడుముకోకుండా దాని మీదికి వెళ్తే కూర్చోండి. వెతకడం మొదలుపెడితే దిగిపోండి.